బోన్‌ఫిష్ కోసం మూడు దీవులు: కిరిటిమాటి, అల్ఫాన్స్, సెయింట్ బ్రాండన్

ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారాలతో కట్టిన తేలిక ఎరను బరువైన లైన్‌తో విసిరి పట్టే వేట) కోసం దూర దీవులకు వెళ్లాలనుకునేవాళ్లు ముందు గదుల ఫొటోలు చూస్తారు, తర్వాత చేపల ఫొటోలు చూస్తారు. అడ్వాన్సు కట్టేముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వెళ్లే వారంలో వేటాడే ఇసుక తిన్నె మీద నీళ్లు పిక్క లోతుకీ తొడ లోతుకీ మధ్య రోజుకు ఎన్ని గంటలు ఉంటాయి? ఆ గంటల్లో మనం నీళ్లలో నిలబడి ఉంటామా, ఇంకా పడవ ప్రయాణంలోనే ఉంటామా? మూడు చోట్లను ఇక్కడ ఆ లెక్కతోనే తూచాం: పసిఫిక్‌లో కిరిటిమాటి, సీషెల్స్‌లో అల్ఫాన్స్, మారిషస్‌కు చెందిన సెయింట్ బ్రాండన్.

గాలం వేసి ఒడ్డున కూర్చునే పని కాదిది. ముందు చేపను కంటితో చూడాలి, ఆ తర్వాతే విసరాలి. పోటు ఎక్కేటప్పుడు బోన్‌ఫిష్ అనే వెండిరంగు చేప లోతు పాయల్లోంచి ఇసుక తిన్నెల మీదికి వచ్చి పీతల్ని, రొయ్యల్ని తవ్వుకు తింటుంది. ఆటు తీసేటప్పుడు దాదాపు అదే దారిన దిగిపోతుంది. ఎక్కేటప్పుడు రెండు మూడు గంటలు, దిగేటప్పుడు రెండు మూడు గంటలు, రోజు మొత్తానికి అసలైన వేట అంతే. ఆ సమయంలో మబ్బు పట్టినా, గైడు ఆలస్యం చేసినా, పడవ ఇంజను మొరాయించినా ఆ పూట పోయినట్టే.

అందుకే బుక్ చేసేముందు పంచాంగం తెరవాలి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కి, ఆటు బాగా తీస్తుంది. నీటి ఉరవడితో పాటు జెయింట్ ట్రెవల్లీ లాంటి పెద్ద చేపలు తిన్నెల అంచుల దాకా వస్తాయి. కానీ ఆ రోజుల్లో పోటు నిండాక నడుము దాటి నీళ్లుంటాయి, ఆటు పూర్తిగా తీశాక పడవ లోపలికే రాలేదు. అష్టమి అటూ ఇటూగా పోటు ఆటుల తేడా తక్కువ. నీళ్లు ఎక్కువసేపు ఒకే లోతున నిలుస్తాయి కాబట్టి నడిచి వేటాడటానికి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ వారమే మేలు. బోన్‌ఫిష్ కోసం మొదటిసారి వెళ్లేవాళ్లు అష్టమి నడిమధ్యలో పడే వారం, ట్రెవల్లీ కోసం వెళ్లేవాళ్లు అమావాస్యో పౌర్ణమో మొదట్లోనే వచ్చే వారం అడగాలి. ఆ వారాలు ఏడాది ముందే నిండిపోతాయి.

కిరిటిమాటి

రాసేది కిరిటిమాటి, పలికేది కిరిస్మస్. ఆ భాషలో ‘టి’ అక్షరాన్ని ‘స్’ అని పలుకుతారు. 1777 డిసెంబర్ 24న కెప్టెన్ కుక్ ఓడ ఇక్కడికి చేరింది, క్రిస్మస్ దీవి అన్న పేరు అలా వచ్చింది. కిరిబాస్ (రాసేది కిరిబాటి) దేశానికి చెందిన ఈ దీవి భూమధ్యరేఖకు ఉత్తరాన 2 డిగ్రీల లోపే ఉంటుంది. నేల విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద పగడపు వలయం ఇదే. లోపలి ఉప్పుమడుగు నిండా తిన్నెలు, పాయలు, మళ్లీ తిన్నెలు. పారిస్ తిన్నె, దీవి వెనకవైపు కొరియన్ రెక్ లాంటి పేర్లు ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లందరికీ తెలిసినవే.

విమానం వారానికి ఒకటి. ఫిజీలోని నాదీ నుంచి కిరిటిమాటి మీదుగా హోనొలులుకు వెళ్లి వస్తుంది. ఇక్కడ చాలామంది తారీఖు దగ్గర బోల్తా పడతారు. కిరిటిమాటి, హోనొలులు గడియారాలు ఒకే సమయం చూపిస్తాయి, తేదీ మాత్రం సరిగ్గా ఒక రోజు తేడా. 1995 మొదట్లో కిరిబాస్ తన తూర్పు దీవులన్నిటినీ అంతర్జాతీయ తేదీ రేఖకు ఇవతలికి తెచ్చుకున్నప్పటి నుంచీ ఇంతే. హోటల్ బుకింగ్ మీద తేదీ, టికెట్ మీద తేదీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోకపోతే మొదటి రాత్రి గది ఉండదు.

అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న తెలుగువాళ్లకు హోనొలులు దారి దగ్గర. అయితే పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరి, చేతిలో పొడిగింపు కాగితం మాత్రమే ఉంటే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. కెనడా, మెక్సికోలకు కొద్ది రోజులు వెళ్లొచ్చేవాళ్లకున్న సడలింపు కిరిబాస్‌కు వర్తించదు, తిరుగు విమానం ఎక్కనివ్వరు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు హోనొలులులో విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి కాబట్టి నాదీ దారే నయం. నాదీలో ఒక రాత్రి ఎలాగూ ఆగాల్సి వస్తుంది. వందేళ్లకు పైగా కిందట గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా మద్రాసు రేవు నుంచి ఫిజీకి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఊళ్లో గుడి ఉంది, పప్పన్నం దొరుకుతుంది. ముందున్న వారం రోజుల తిండి సంగతి తలచుకుంటే ఆ భోజనం వదులుకోకూడదు.

బస మామూలుగా ఉంటుంది. శుభ్రమైన మంచం, ఫ్యానో చిన్న ఏసీయో, అప్పుడప్పుడు కరెంటు పోవడం, పేరుకే వేడినీళ్లు. తిండి అన్నం, చేప, డబ్బా మాంసం. తాజా కూరగాయలు ఓడ వస్తేనే. శాకాహారులు వెళ్లలేకపోరు గానీ కందిపొడి, అటుకులు, వేయించిన పప్పులు సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకెళ్లాలి, దారిలో ప్రతి విమానాశ్రయంలోనూ కాగితం మీద డిక్లేర్ చేయాలి. చెలామణి ఆస్ట్రేలియన్ డాలరు. కార్డుల మీద ఆశ పెట్టుకోకుండా చిన్న నోట్లు తీసుకెళ్లడం మంచిది.

గైడు సేవే ఈ దీవికి బలం, బలహీనత కూడా. బాగా తెలిసిన గైడు 30 మీటర్ల అవతల గాలికి రేగిన నీళ్లలో చేప నీడ పట్టేస్తాడు. మిగతావాళ్లకు అంత చూపు ఉండదు. ఆ తేడా ఎంతంటే, ఒకే తిన్నె మీద ఒకే పూట ఒకరు పది చేపలు పడితే పక్కవాళ్లకు రెండే పడతాయి. సాధారణంగా ఇద్దరికి ఒక గైడు. నడిచే వేటలో గైడు ఒకరి పక్కనే ఉండగలడు, రెండోవాళ్లు గుడ్డిగా నడుస్తారు. కొంచెం అదనంగా కట్టి మనిషికో గైడును ముందే అడగడం ఇక్కడ పెట్టే ఖర్చులన్నిటిలోకీ దండగ కానిది. గైడును రోజూ మారుస్తారా, వారమంతా ఒకరేనా అన్నదీ అడగాలి. మొదటి రెండు రోజులు చూసి, కుదిరితే నచ్చిన గైడునే ఉంచమనడంలో తప్పేమీ లేదు.

ఉదయం ట్రక్కులోనో, పంట్ అనే వెడల్పాటి పడవలోనో తీసుకెళ్తారు. దూరపు తిన్నెలకు పడవలో ముప్పావు గంట, గంట పడుతుంది. రోజూ దూరపు తిన్నె అడిగేవాళ్లు రోజుకు రెండు గంటల నీళ్లు పోగొట్టుకుంటారు. పోటు పొద్దున్నే ఎక్కే రోజుల్లో దగ్గర తిన్నెలు, మధ్యాహ్నం ఎక్కే రోజుల్లో దూరపువి, ఇలా ఒప్పించుకుంటే వారం కలిసొస్తుంది. తూర్పు గాలి ఏడాది పొడవునా వీస్తూనే ఉంటుంది. ఎల్‌నినో ఏడాది మాత్రం వెళ్లవద్దు. వానలు పడతాయి, నీళ్లు వేడెక్కుతాయి. 2015–16 ఎల్‌నినోలో ఈ దీవి చుట్టూ ఉన్న పగడంలో చాలా భాగం చచ్చిపోయింది.

అల్ఫాన్స్, సెయింట్ ఫ్రాన్స్వా

హైదరాబాదు నుంచి లెక్క వేస్తే దగ్గరది సీషెల్స్. ముంబై మీదుగానో గల్ఫ్ మీదుగానో ఆ దేశపు ప్రధాన దీవి మాహే చేరితే, అక్కడి నుంచి చిన్న విమానంలో సుమారు గంటలో అల్ఫాన్స్. దూరం నైరుతి దిక్కున 400 కిలోమీటర్లు. ముందస్తు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి.

బస ఉండేది అల్ఫాన్స్‌లో, వేట జరిగేది పాయ దాటాక సెయింట్ ఫ్రాన్స్వాలో. పొద్దున్నే పెద్ద పడవలో పాయ దాటిస్తారు, అవతల లోపలి మడుగులో లంగరు వేసి ఉంచిన చిన్న స్కిఫ్ పడవల్లోకి మారతాం. ఒక్కో స్కిఫ్‌కు ఇద్దరు వేటగాళ్లు, ఒక గైడు. ఇక్కడి ఏర్పాట్లు గడియారంలా నడుస్తాయి. ఏ తిన్నె ఏ రోజు ఎవరికి అన్నది ముందురోజు రాత్రే తేల్చి, వేటాడిన తిన్నెకు విశ్రాంతి ఇస్తారు. కొక్కేల మీద ఎదురుముల్లు నొక్కేసి ఉండాలి, పట్టిన చేప వదిలేయాలి. స్కిఫ్‌లో ఒక పోటు ఆటుకు మూడు నాలుగు తిన్నెలు మారవచ్చు. ఇక్కడి రేటులో మనం కట్టే డబ్బు ఎక్కువ భాగం దీనికే, న్యాయంగానే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది, అప్పుడు వేట ఉండదు. అక్టోబరు, నవంబరు, మళ్లీ ఏప్రిల్ నెలల్లో గాలి మారే సమయం కాబట్టి నీళ్లు అద్దంలా ఉంటాయి. కొత్తవాళ్లకు ఆ నెలలే. డిసెంబరు నుంచి మార్చి దాకా వాయవ్యపు గాలితో పాటు వానలు వస్తాయి. వాన చేపను ఆపదు గానీ మబ్బు మన చూపును ఆపేస్తుంది.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు మూడింటిలో ఇదొక్కటే సరిపోతుంది. దీవిలో సైకిళ్లిస్తారు, తాబేళ్లు తిరుగుతుంటాయి, డైవింగ్, స్నార్కెలింగ్ ఉన్నాయి. వేటకు రానివాళ్లు కూడా వారం హాయిగా గడపొచ్చు. ఖర్చు మాత్రం కిరిటిమాటి కన్నా చాలా ఎక్కువ. మాహే నుంచి వెళ్లే చిన్న విమానంలో చేతిసంచితో కలిపి సామాను బరువుకు పరిమితి ఉంటుంది. ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి, రాడ్లు, బూట్లు, రీళ్లతో ఆ బరువు తొందరగానే నిండుతుంది.

ఇదే దేశంలో ఇంకా దూరాన ఫార్కర్, కొస్మొలీడో, అస్టోవ్ ఉన్నాయి. అవి బోన్‌ఫిష్ కోసం వెళ్లే చోట్లు కావు. ఫార్కర్‌లో బంప్‌హెడ్ పారట్‌ఫిష్ మందలు తిన్నెల మీదికి వస్తాయి, ట్రెవల్లీలు నీళ్ల మీద వాలే పక్షిపిల్లల్ని ఎగిరి మింగుతాయి. కొస్మొలీడో అంటే ట్రెవల్లీయే. అల్దబ్రా వైపున్న ఈ దీవుల్లో పోటు ఆటుల తేడా పెద్దది, నీటి ఉరవడికి నిలదొక్కుకోవడమే కష్టం. పెద్ద చేపలకు వాడే బరువైన పన్నెండో నంబరు రాడ్‌తో గాలిలో 60 అడుగులు నమ్మకంగా విసరలేనివాళ్లు అక్కడికి వెళ్తే ఆ డబ్బంతా చేపల్ని చూసి రావడానికే సరిపోతుంది.

సెయింట్ బ్రాండన్

మారిషస్‌కు ఈశాన్యంగా సుమారు 430 కిలోమీటర్లలో, నెలవంకలా వంగిన పగడపు గోడ వెనక చిన్నచిన్న ఇసుక దీవుల గుంపు ఇది. విమానం దిగే చోటు లేదు. పోర్ట్ లూయీ నుంచి ఓడలో ఒక పగలు, ఒక రాత్రి. అదే ఓడ వారమంతా బస, దాని వెనక కట్టుకొచ్చిన చిన్న పడవల్లో వేట.

చేపల సైజులో ఇది మిగతా రెండిటినీ మించింది. కిరిటిమాటిలో రెండు కిలోల బోన్‌ఫిష్ పడితే ఆనందపడతాం, ఇక్కడ అది మామూలు చేప. నాలుగు కిలోలు దాటినవి నిజంగానే కనిపిస్తాయి, కానీ మందలుగా రావు. ఒకటీ రెండూ, తెల్లటి ఇసుక మీద, చాలా జాగ్రత్తగా. బంగారు రంగు ఇండో-పసిఫిక్ పర్మిట్ అనే చేప కోసం ప్రత్యేకంగా ఇక్కడికే వచ్చేవాళ్లున్నారు.

ఓడ ప్రయాణమే దీని అసలు ఖరీదు. సముద్రం బాగోకపోతే పోనురాను రెండు రోజులూ వాంతులతోనే సరి. మాత్ర ఓడ ఎక్కాక వేసుకుంటే పని చేయదు, బయల్దేరే ముందురోజు రాత్రి నుంచే మొదలుపెట్టాలి. గాలి ఎక్కువైతే ఓడ ఒకరోజు ఆలస్యంగా కదలొచ్చు, తిరుగు ప్రయాణమూ జారొచ్చు. పోర్ట్ లూయీ చేరాక కనీసం రెండు రోజుల తేడా పెట్టుకుని ఇంటికి టికెట్ తీసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్లు ముమ్మరంగా వచ్చే కాలం, ఆ మూడు నెలలు వదిలేయాలి. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగు కూలీల సంతతి అక్కడ ఇప్పటికీ పండగ ఘనంగా చేసుకుంటుంది. ఏప్రిల్ ట్రిప్పుకు ఉగాది ముందో వెనకో చేరేవాళ్లు బ్యాంకు పని, ఓడ కాగితాలు ఒకరోజు ముందే ముగించుకోవాలి, సాయంత్రం గుడికి వెళ్తే పచ్చడి దొరుకుతుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే, విసరడం నేర్చుకుంటున్నవాళ్లకు కిరిటిమాటి. తప్పు చేసినా పది నిమిషాల్లో ఇంకో చేప కనిపిస్తుంది, చేతికి అలవాటు వచ్చేది అలాగే. ఇండియా నుంచి వెళ్లే కుటుంబాలకు అల్ఫాన్స్. సెయింట్ బ్రాండన్ మాత్రం కనీసం ఒక వారం ఇంకోచోట తిన్నెల మీద గడిపినవాళ్లకే. రోజుకు నాలుగైదు అవకాశాలే వచ్చే చోట చేతులు వణికితే ఇంటికి మోసుకొచ్చేది నిరాశే. అండమాన్‌లో ట్రెవల్లీ వేట పేరున్నదే, కానీ అది ఎక్కువగా పడవ మీంచి లోతు అంచుల్లో పాపర్లు (నీటిపై చప్పుడు చేసే ఎరలు) విసిరే వేట. నీళ్లలో నడిచే బోన్‌ఫిష్ వేట కోరుకునేవాళ్లకు దానితో పోలిక లేదు.

సామాను

బోన్‌ఫిష్‌కు 9 అడుగుల ఎనిమిదో నంబరు రాడ్. ట్రిగర్‌ఫిష్, పర్మిట్, మిల్క్‌ఫిష్‌కు తొమ్మిదో పదో నంబరు. ట్రెవల్లీకి పన్నెండు. ప్రతి నంబరుకూ ఒక అదనపు రాడ్ ఉండాలి, అక్కడ కొనడానికి దుకాణం లేదు. రీలుకు ఉప్పునీరు చొరని సీలు వేసిన డ్రాగ్ (లైన్ పరుగుకు బ్రేకు) ఉండాలి. ఎనిమిదో నంబరుకు కనీసం 200 మీటర్ల బ్యాకింగ్ (లైన్ వెనక చుట్టే అదనపు దారం), పన్నెండుకు 50 పౌండ్లకు తగ్గని అల్లిక దారం 300 మీటర్లు.

లైన్ ఉష్ణమండలానికని చేసినదే తీసుకోవాలి. చల్లటి దేశాల కోసం చేసిన లైన్ ఈ ఎండకు మెత్తబడి రాడ్ గైడుల్లో (లైన్ దూరే రింగుల్లో) అంటుకుంటుంది, 40 అడుగులకే చతికిలపడుతుంది. పగడం లైన్‌ను కోసేస్తుంది కాబట్టి ఒక్కో రాడ్‌కు ఇంకో లైన్ అదనం. దోమల మందు, సన్‌స్క్రీన్ అంటిన వేళ్లతో లైన్ పట్టుకుంటే పైపూత కరుగుతుంది. రాసుకున్నాక అరచేతుల్ని ఇసుకతో రుద్ది కడుక్కోవాలి.

బోన్‌ఫిష్ లీడర్ (లైన్‌కూ ఎరకూ మధ్య కట్టే సన్న దారం) 9 నుంచి 12 అడుగులు, చివర 16 నుంచి 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్. గాలి ఎక్కువుంటే పొట్టిది, అద్దంలాంటి నీళ్లలో పొడుగుది. ట్రెవల్లీకి 6 లేదా 7 అడుగుల 100 నుంచి 130 పౌండ్ల ఒకే ముక్క. ఎర కట్టేది బిగుసుకోని లూప్ ముడితో, ఎర ఊగుతూ కదలాలంటే అదే.

ఎరల్లో క్రేజీ చార్లీ, గాచా, క్రిస్మస్ ఐలాండ్ స్పెషల్ రకాలు ఆరు, ఎనిమిది నంబరు కొక్కేల మీద తలా డజను. రంగు కన్నా బరువు ముఖ్యం. మడమ లోతు నీళ్లకు కళ్లు లేని ఎర, పిక్క లోతుకు గొలుసుపూసల కళ్లు, మోకాలు దాటితే సీసపు కళ్లు. మడమ లోతు నీళ్లలో సీసపు కళ్ల ఎర ‘టప్’మని పడితే మంద మొత్తం చెదిరిపోతుంది. తొడ లోతులో తేలిక ఎర వేస్తే అది కిందికి దిగేలోపు చేప దాటిపోతుంది. మిల్క్‌ఫిష్ అంటే మన పాలబొంతే. కోస్తా ఉప్పునీటి చెరువుల్లో పెంచే ఆ చేప ఇక్కడ మీటరు పొడవున, నాచు తింటూ పైపైన తేలుతుంది. దానికి ఆకుపచ్చ నాచులాంటి ఎర వేసి, లాగకుండా నీటితో పాటు పోనివ్వాలి.

కళ్లజోడు పోలరైజ్డ్, రాగి రంగు అద్దాలు. మబ్బు పూటకు పసుపు రంగువి ఇంకొకటి. అది లేకుండా వెళ్లడం, రాడ్ లేకుండా వెళ్లడం ఒకటే. కొక్కేలు, ప్లయర్లు చెకిన్ సామానులో, రీళ్లు, ఒక రాడ్ చేతిసంచిలో. బ్యాగు ఒకరోజు ఆలస్యమైతే కిరిటిమాటిలో అది దొరికేది వచ్చే వారం విమానంలోనే.

తిన్నె మీద

బోన్‌ఫిష్ ఒళ్లంతా అద్దం. కింద ఇసుక ఏ రంగుంటే పక్కలు ఆ రంగు చూపిస్తాయి. చేప కోసం వెతికితే కనిపించదు, దాని నీడ కోసం వెతకాలి. ఇసుక మీద వేలెడు వెడల్పున బూడిదరంగు గీత కదిలితే, దానికి కొంచెం పైన చేప ఉంటుంది. నీళ్లు బాగా తగ్గినచోట తల కిందికి పెట్టి తవ్వుతుంటే తోక కొస నీళ్లపైకి వచ్చి, కత్తి అంచులా ఒక్క క్షణం మెరుస్తుంది. ఎండ వీపున ఉండేలా, చప్పుడు లేకుండా, పాదాలు ఈడుస్తూ నడవాలి.

గైడు ‘పదకొండు గంటలు, 50 అడుగులు’ అంటాడు. పడవ ముక్కు పన్నెండు, దాన్నిబట్టి దిక్కు. నడిచేటప్పుడు మన ముక్కే పన్నెండు. రాడ్‌ను ఆ వైపు చూపించి ‘ఇక్కడా’ అని అడిగి, అప్పుడు విసరాలి. రెండుసార్లకు మించి గాలిలో ఊపకూడదు. ఎర చేపకు రెండు మీటర్ల ముందు పడాలి, పిక్క లోతులోపు నీళ్లలో మూడు మీటర్ల ముందు. అడుగుకు చేరనిచ్చి, చేప మీటరు దూరంలోకి వచ్చాక నిదానంగా ఒక బారు లాగాలి. చేప తల వంచిందంటే ఎర నోట్లోకి పోతున్నట్టు.

ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. తల వంచగానే చేయి పైకి లేచిపోతుంది, మామూలు గాలపు వేట అలవాటు అది. ఎర నోట్లోంచి గాల్లోకి ఎగిరిపోతుంది. రాడ్ కొస చేపవైపే ఉంచి, ఎడమచేత్తో లైన్‌ను అలాగే లాగుతూ పోవాలి. బరువు తగిలాక ఇంకొక్క గట్టి లాగు. ఆ తర్వాత చేపను చూడకూడదు, కాళ్ల దగ్గర నీళ్లపై పడి ఉన్న లైన్‌ను చూడాలి. అది రీలు పిడికో, బూటు లేసుకో చుట్టుకుంటే 20 పౌండ్ల టిప్పెట్ (లీడర్ కొస దారం) టప్పున తెగుతుంది. లైన్ శుభ్రంగా పోయిందంటే మొదటి పరుగులో చేప 60, 80 మీటర్లు లాక్కుపోతుంది. ఆ పరుగును ఆపే ప్రయత్నం చేయకుండా రాడ్ ఎత్తి పట్టుకుని నిలబడాలి.

ట్రిగర్‌ఫిష్ పద్ధతి వేరు. తల కిందులుగా పగడం తవ్వుతూ తోక మొత్తం నీళ్లపైన ఊపుతుంది. పీత ఎర దాని పక్కనే, తలకు అడుగు దూరంలో పడేయాలి, వదిలేయాలి. వెంటపడితే చిన్నచిన్నగా లాగాలి. దాని పళ్లు పగడాన్నే కొరుకుతాయి, సన్న కొక్కెం రెండు ముక్కలవుతుంది. తగలగానే బొరియలోకి దూరుతుంది కాబట్టి డ్రాగ్ గట్టిగా ఉంచాలి. గూడు కాపాడుకునే మీసాల ట్రిగర్‌ఫిష్ మనిషి పిక్కనైనా కొరుకుతుంది, గూడు గుంట కనిపిస్తే చుట్టూ తిరిగి పోవాలి.

ట్రెవల్లీ చాలాసార్లు ఒంటరిగా రాదు, తిన్నె మీదికి వచ్చే పెద్ద టేకు చేప (స్టింగ్‌రే) వీపు మీదనో, సొర పక్కనో వస్తుంది. టేకు కనిపిస్తే ముందు దాని మీద నల్లటి ఆకారం ఉందేమో చూడాలి. ఎర ముందుగా వేసి, ఎంత వేగంగా లాగగలిగితే అంత వేగంగా లాగాలి. చేప దగ్గరికి వచ్చిందని ఆపామా, వెనుదిరుగుతుంది. డ్రాగ్ మొత్తం బిగించే ఉంచాలి, పగడపు బండ చేరనిస్తే లైన్ తెగుతుంది.

సొరలు తిరుగుతున్నచోట పట్టిన బోన్‌ఫిష్‌ను వెంటనే వదిలేస్తే సొర నోట్లో పెట్టినట్టే. తేరుకునేదాకా కాళ్ల మధ్య నీళ్లలో పట్టుకోవాలి, సొర దగ్గరికి వస్తే ఇంకోచోటికి నడిచి వదలాలి. ఫొటో కోసం పైకెత్తేది తడి చేతులతో, మూడు నాలుగు సెకన్లు. ట్రెవల్లీని తోక పట్టి నిలువునా వేలాడదీస్తే దాని బరువుకే వెన్ను, లోపలి అవయవాలు దెబ్బతింటాయి.

కాళ్లు, గాయాలు

గట్టి అడుగున్న తిన్నెల బూట్లు, లోపల నియోప్రీన్ మేజోళ్లు. మామూలు నీటి చెప్పులకు పగడం, సముద్రపు ముళ్లు గుచ్చుకుంటాయి. పాదం ఎత్తి వేయకుండా ఈడిస్తే టేకు చేప ముందే తప్పుకుంటుంది. శంఖం గవ్వ ఎంత అందంగా ఉన్నా చేత్తో తీయకూడదు, కోన్ జాతివి కుట్టి చంపగలవు. పగడం గీరితే ఆ సాయంత్రమే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి అయోడిన్ రాయాలి. రెండో రోజుకు వదిలేస్తే చీము పట్టి వారం పోతుంది. రాతిచేప ముల్లు గుచ్చుకుంటే, తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీల్లో, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. తర్వాత డాక్టరు చూడాల్సిందే. అందుకే థర్మాస్ నిండా వేడినీళ్లు పడవలో ఉన్నాయా అని మొదటి రోజే అడగాలి.

ప్రయాణ బీమాలో విమానంలో తరలించే ఖర్చు స్పష్టంగా రాసి ఉండాలి. ‘చేపల వేట’ అన్నది సాహస క్రీడల మినహాయింపుల్లో పడుతుందేమో చూడాలి. రోజూ సాయంత్రం రీళ్లు, రాడ్ గైడులు, ప్లయర్లు మంచినీళ్లతో కడగాలి. కిరిటిమాటిలో మంచినీళ్లు కరువు కాబట్టి బకెట్‌లో ముంచి తడిగుడ్డతో తుడిస్తే చాలు. రీలు మీద నేరుగా కొళాయి ధార పెడితే ఉప్పు లోపలికి పోతుంది. కడిగాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి ఆరబెట్టాలి.

అడ్వాన్సు కట్టేముందు

ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబులు తెప్పించుకోవాల్సినవి కొన్ని. ఉదయం పడవ కదిలే సమయం పోటును బట్టి మారుతుందా, రోజూ ఒకటేనా. తిన్నె మీద మొత్తం ఎన్ని గంటలు. గైడుకు ఎంతమంది వేటగాళ్లు. గాలికి ఒక పూట పోతే డబ్బు వాపసా, ఇంకో పూట ఇస్తారా. విమానమో ఓడో ఆలస్యమైతే అదనపు రాత్రుల ఖర్చు ఎవరిది. వేట లైసెన్సు ధరలో కలిపారా. బయటికి రేడియో ఉందా, ఉపగ్రహ ఫోను ఉందా, గాయమైతే చూసేవాళ్లు దీవిలో ఎవరు. మంచి లాడ్జి వీటన్నిటికీ ఒక్క ఉత్తరంలోనే జవాబిస్తుంది. మొదటి ప్రశ్నకే ‘రోజూ ఏడున్నరకు’ అని జవాబొస్తే, అక్కడ పడవ నడిచేది వంటగది వేళల ప్రకారం. ఆ వారానికి ఇంకో చోటు చూసుకోండి.